హైదరాబాద్ నుంచి డాలస్‌కు విమాన దూరం, ప్రయాణ సమయం: సొంతంగా లెక్క కట్టే పద్ధతి

హైదరాబాద్ నుంచి డాలస్ ఎంత దూరమని వెతికితే ఒకచోట 14,420 కిలోమీటర్లు, ఇంకోచోట 15,465 కిలోమీటర్లు, మరోచోట 8,960 మైళ్లు, ఇంకెక్కడో 7,786 మైళ్లు కనిపిస్తాయి. సమయం సంగతీ అంతే. 18 గంటలు అన్నవాళ్లున్నారు, 20 అన్నవాళ్లున్నారు, 23 అన్నవాళ్లున్నారు. ఇవన్నీ సరైన అంకెలే, కాకపోతే ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు. టికెట్ కొనేవాళ్లకు, అమ్మానాన్నలను ఒంటరిగా పంపేవాళ్లకు, విమానాశ్రయానికి ఎదురు వెళ్లేవాళ్లకు కావలసిన అంకె వేర్వేరు. ఆ అంకెలన్నీ కాగితం మీద ఎలా తేల్చుకోవాలో చూద్దాం. ఇదే పద్ధతి హైదరాబాద్–ఢిల్లీకైనా, విజయవాడ–సింగపూర్‌కైనా పనికొస్తుంది.

రెండు కొసలు ముందు సరిచూడండి

విమాన దూరం అంటే రెండు ఊళ్ల మధ్య దూరం కాదు, రెండు విమానాశ్రయాల మధ్య దూరం. అందుకే ఊరి పేరు కొట్టే కాలిక్యులేటర్ల కంటే విమానాశ్రయపు అక్షాంశ రేఖాంశాలతో మొదలుపెట్టడం మేలు. మధ్యలో దిగే దుబాయ్‌తో కలిపి మనకు కావలసినవి మూడు:

శంషాబాద్: 17.24 ఉత్తరం, 78.43 తూర్పు
దుబాయ్: 25.25 ఉత్తరం, 55.36 తూర్పు
డాలస్–ఫోర్ట్‌వర్త్: 32.90 ఉత్తరం, 97.04 పడమర

పేర్ల దగ్గరే చాలా లెక్కలు తప్పుతాయి. పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో ఇంకో హైదరాబాద్ ఉంది. పేరు మాత్రమే అడిగే వెబ్‌సైట్లు కొన్నిసార్లు దాన్ని పట్టుకుంటాయి. దుబాయ్‌కి దూరం 2,500 దగ్గర కాకుండా 1,300 చిల్లర వస్తే కారణం ఇదే అనుకోండి. పాత పట్టికల్లో బేగంపేట స్థానం ఉండవచ్చు. శంషాబాద్ 2008 మార్చిలో మొదలయ్యాక ప్రయాణికుల విమానాలన్నీ అక్కడికి మారాయి. రెంటికీ తేడా పాతిక కిలోమీటర్ల లోపే కాబట్టి దూరం లెక్కకు నష్టం లేదు, కారు బుక్ చేసేటప్పుడు మాత్రం ఉంటుంది. డాలస్‌లో లవ్ ఫీల్డ్ అనే రెండో విమానాశ్రయం ఉంది. అంతర్జాతీయ విమానాలు దిగేది అక్కడ కాదు. అమెరికాలో ఇంకో ఊరికి వెళ్లే దేశీయ టికెట్టు లవ్ ఫీల్డ్ నుంచి కొంటే మధ్యలో కారు ప్రయాణం తప్పదు.

దూరం తేల్చడం

ఉత్తర దక్షిణాలుగా ఉన్న ఊళ్లయితే గుణకారం ఒక్కటి చాలు. భూమి చుట్టుకొలతను 360తో భాగిస్తే ఒక డిగ్రీకి సుమారు 111.2 కిలోమీటర్లు వస్తుంది. ఢిల్లీ విమానాశ్రయం అక్షాంశం 28.56. అందులోంచి 17.24 తీసేస్తే 11.32 డిగ్రీలు. దాన్ని 111.2తో గుణిస్తే 1,259 కిలోమీటర్లు. రేఖాంశంలో 1.33 డిగ్రీల తేడా ఉంది గానీ దానివల్ల కలిసేది ఆరేడు కిలోమీటర్లే.

డాలస్‌కు ఇంకా అందమైన దారి ఉంది. శంషాబాద్ 78.43 తూర్పు, డాలస్ 97.04 పడమర. ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి కూడాలి: 175.47. అంటే దాదాపు 180. ఈ రెండు ఊళ్లూ భూగోళానికి ఇంచుమించు ఎదురెదురు వైపుల ఉన్నాయి, రెండూ ఉత్తరార్ధగోళంలోనే. అలాంటప్పుడు దగ్గర దారి ఉత్తర ధ్రువం పక్కనుంచే పోతుంది. శంషాబాద్ నుంచి ధ్రువానికి 90 − 17.24 = 72.76 డిగ్రీలు. ధ్రువం నుంచి డాలస్‌కు 90 − 32.90 = 57.10 డిగ్రీలు. మొత్తం 129.86, గుణించు 111.2, సుమారు 14,440 కిలోమీటర్లు. పూర్తి సూత్రంతో చేస్తే 14,420 వస్తుంది. కాలిక్యులేటర్ లేకుండా ఇరవై కిలోమీటర్ల తేడాతో జవాబు దొరికింది. గోడ మీది పటంలో చూస్తే ఇది నమ్మబుద్ధి కాదు, అట్లాంటిక్ మీదుగా అడ్డంగా వెళ్లడమే దగ్గరనిపిస్తుంది. ఇంట్లో గ్లోబు ఉంటే రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగి పట్టండి. అది తనంతట తానే పైకి, ఆర్కిటిక్ మీదికి జరుగుతుంది.

మిగతా జంటలకు సూత్రం కావాలి. దుబాయ్‌తో చేద్దాం.

1. రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణించండి: 0.2964 × 0.4266 = 0.1264.
2. రెండు అక్షాంశాల కొసైన్ విలువలను గుణించండి: 0.9551 × 0.9044 = 0.8638.
3. రేఖాంశాల తేడా 78.43 − 55.36 = 23.07 డిగ్రీలు. దాని కొసైన్ 0.9200. రెండో మెట్టులో వచ్చినదాన్ని దీనితో గుణిస్తే 0.7947.
4. మొదటిదీ మూడోదీ కూడితే 0.9211. ఏ కోణానికి ఈ కొసైన్ ఉందో చూడండి: 22.9 డిగ్రీలు.
5. 22.9 × 111.2 = సుమారు 2,546 కిలోమీటర్లు.

తప్పులు రెండు చోట్ల జరుగుతాయి. కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉండాలి. స్ప్రెడ్‌షీట్‌లో సైన్, కొసైన్ ఫంక్షన్లు రేడియన్లనే (కోణానికి ఇంకో కొలత) తీసుకుంటాయి కాబట్టి ముందు డిగ్రీలను రేడియన్లుగా మార్చాలి, లేకపోతే ఎక్కడా పొంతన లేని అంకె వస్తుంది. రెండోది, పడమర రేఖాంశానికి మైనస్ పెట్టడం మరిచిపోవడం. ఇది ప్రమాదకరమైన తప్పు, ఎందుకంటే జవాబు చూడ్డానికి సబబుగానే ఉంటుంది. డాలస్ 97.04కు మైనస్ వదిలేస్తే 2,550 కిలోమీటర్లు వస్తుంది. ఆ స్థానం టెక్సస్‌లో లేదు, టిబెట్ పీఠభూమి మీద ఉంది.

కంప్యూటర్లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, విమానాశ్రయం మీద రైట్ క్లిక్ చేసి, దూరం కొలిచే సాధనం ఎంచుకుని రెండో విమానాశ్రయం మీద క్లిక్ చేసినా ఈ దగ్గర దారి దూరమే వస్తుంది. మీ లెక్కను దానితో సరిపోల్చుకోండి. అర శాతం లోపు తేడా ఉంటే పట్టించుకోకండి. భూమి కచ్చితమైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది, ఆ తేడా అక్కడిదే.

మైళ్ల గొడవ ఒకటి మిగిలింది. రోడ్డు మైలు 1.609 కిలోమీటర్లు, పైలట్లు వాడే నాటికల్ మైలు 1.852. డాలస్ దూరం మొదటి కొలతలో 8,960, రెండో కొలతలో 7,786. ఏ మైలో చెప్పని అంకెను వాడకండి.

ఇప్పుడు అసలు దారికి వద్దాం. ఇవాళ హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా విమానం లేదు. దూరం అడ్డు కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లకు పైగా ఆగకుండా వెళ్లే విమానం ఉంది. అంత దూరం ఎగరగల విమానాలు తక్కువ, ఇంధనం భారం ఎక్కువ, రోజూ సీట్లు నిండాలి. కాబట్టి మధ్యలో దిగాలి. దుబాయ్ మీదుగా అయితే 2,546 + 12,919 = 15,465 కిలోమీటర్లు. లండన్ హీత్రో మీదుగా అయితే 7,753 + 7,628 = 15,381. తేడా వంద కిలోమీటర్లు కూడా లేదు, విమానానికి అది ఆరేడు నిమిషాల పని. మ్యాప్ చూసి ఈ రెంటిలో ఏది దగ్గర అని తర్జనభర్జన పడడం దండగ. తేల్చేది మధ్యలో ఆగే వేళ.

గాల్లో ఎన్ని గంటలు

దూరాన్ని 900తో భాగిస్తే సమయం రాదు. నాలుగు సర్దుబాట్లు చేయాలి.

మొదట దూరానికి 5 శాతం కలపండి. విమానం దారం పట్టినట్టు పోదు. నిర్ణీత మార్గాలు, రన్‌వే దిశ, దిగేముందు తిరగడం, మూసేసిన గగనతలాలు అన్నీ దూరాన్ని పెంచుతాయి.

తర్వాత వేగం. ఎ320, 737 రకాలు ధ్వని వేగంలో 0.78 వంతుతో వెళ్తాయి. 35,000 అడుగుల ఎత్తున చలికి ధ్వని వేగమే తగ్గి గంటకు 1,067 కిలోమీటర్లు అవుతుంది కాబట్టి అది సుమారు 830. సముద్రాలు దాటే 777, 787, ఎ350 రకాలు 0.84–0.85తో వెళ్తాయి, సుమారు 895–905.

మూడోది గాలి. లెక్కను ఎక్కువగా తారుమారు చేసేది ఇదే. మధ్య అక్షాంశాల్లో, విమానాలు ఎగిరే ఎత్తులో, పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ వీస్తుంది. దాని నడిబొడ్డులో వేగం గంటకు 150–200 కిలోమీటర్లు మామూలే, చలికాలంలో ఇంకా ఎక్కువ. దారి పొడవునా అదే గాలి ఉండదు, పైగా పైలట్లు ఎదురుగాలిని తప్పించుకుంటూ, తోడుగాలిని వెతుక్కుంటూ దారి వేసుకుంటారు. అందుకని సగటున పడమరకు వెళ్లేటప్పుడు గంటకు 35–50 తీసేయండి, తూర్పుకు వచ్చేటప్పుడు 45–60 కలపండి. దక్షిణ భారతానికి ఒక మినహాయింపు ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన మీద పై గాలులు తిరగబడి తూర్పు నుంచి పడమరకు వీస్తాయి. ఆ నెలల్లో శంషాబాద్ నుంచి గల్ఫ్ వైపు వెళ్లే విమానానికి మొదటి భాగంలో ఎదురుగాలి బెడద ఉండకపోవచ్చు.

చివరిగా అరగంట. టైమ్‌టేబుల్‌లో రాసే సమయం గేటు వదిలినప్పటి నుంచి గేటు చేరేదాకా. రన్‌వే వరకూ విమానం నేల మీద నడవడం, పైకి ఎక్కేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ ఉండే తక్కువ వేగం, దిగాక మళ్లీ గేటు దాకా నడవడం, అన్నిటికీ అది.

దుబాయ్ వరకు: 2,546కు 5 శాతం కలిపితే సుమారు 2,675. వేగం 895 − 45 = 850. మూడు గంటల తొమ్మిది నిమిషాలు, అరగంట కలిపితే 3:39. టైమ్‌టేబుల్ మాత్రం దాదాపు నాలుగు గంటలు చూపిస్తుంది. మీ లెక్క తప్పు కాదు. రద్దీ విమానాశ్రయం మీద వరసలో తిరగాల్సి వస్తే ఆలస్యం అనిపించుకోకుండా ఎయిర్‌లైన్లు ముందే కొన్ని నిమిషాలు కలిపి ప్రకటిస్తాయి. విమానం "ఇరవై నిమిషాలు ముందే" దిగడం వెనక ఉన్నది చాలాసార్లు ఈ కలిపిన సమయమే.

దుబాయ్ నుంచి డాలస్: 12,919కు 5 శాతం కలిపితే 13,565. వేగం 895 − 35 = 860. 15:46, అరగంట కలిపితే 16:16. తిరుగు ప్రయాణంలో 895 + 45 = 940తో భాగిస్తే 14:26, అరగంటతో 14:56. అదే విమానం, అదే దూరం, గంటా ఇరవై నిమిషాల తేడా. భూమి తిరగడం వల్ల అని కొందరంటారు. కాదు, భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది. తేడా తెచ్చేది జెట్ స్ట్రీమ్.

గగనతలం మూతపడితే ఈ 5 శాతం చాలదు. 2022 నుంచి రష్యా గగనతలం యూరప్, అమెరికా ఎయిర్‌లైన్లకు మూతపడింది. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ గగనతలం భారత విమానాలకు మూతపడడంతో ఢిల్లీ నుంచి పశ్చిమానికి వెళ్లే మన విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది. ఉత్తర అమెరికా వెళ్లే కొన్నింటికి మధ్యలో ఇంధనం కోసం యూరప్‌లో దిగక తప్పలేదు. ఆంక్ష ఎయిర్‌లైన్ దేశాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఒకే దారిలో రెండు కంపెనీల సమయాలు వేరుగా ఉంటే ఆశ్చర్యపోకండి. ఇలాంటప్పుడు లెక్కను నమ్ముకోవడం కన్నా విమానాల కదలికలు చూపే ఫ్లైట్‌రాడార్24 ట్రాకర్‌లో మీ విమానం నంబరు కొట్టి గత వారం రోజులు నిజంగా ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు దిగింది చూడండి. వారంలో నాలుగు రోజులు నలభై నిమిషాలు ఆలస్యమైన విమానం మీద గంటంపావు కనెక్షన్ పెట్టుకోకూడదు.

టికెట్ మీది వేళలు చదవడం

టికెట్‌లో ప్రతి వేళా ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. బయల్దేరే వేళను చేరే వేళలోంచి తీసేస్తే వచ్చేది ప్రయాణ సమయం కాదు. గుర్తుంచుకోవలసిన తేడాలు: దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, ఏడాది పొడవునా. డాలస్ మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా 10:30 గంటలు వెనక, మిగతా నెలల్లో 11:30 వెనక.

ఉదాహరణకు జూలైలో ఒక టికెట్ ఇలా ఉందనుకోండి. సోమవారం తెల్లవారుజాము 4:30కు శంషాబాద్‌లో బయల్దేరి 7:00కు దుబాయ్. 9:45కు దుబాయ్‌లో బయల్దేరి అదే సోమవారం సాయంత్రం 5:00కు డాలస్. అన్నిటినీ మన టైముకు మార్చేయండి. దుబాయ్ 7:00 అంటే మనకు 8:30, కాబట్టి మొదటి విమానం 4 గంటలు. 9:45 అంటే 11:15, ఆగింది 2:45. డాలస్ సాయంత్రం 5:00 అంటే మనకు మంగళవారం తెల్లవారుజాము 3:30, కాబట్టి రెండో విమానం 16:15. మొత్తం 23 గంటలు. పై లెక్కల్లో వచ్చిన 3:39, 16:16తో పోల్చి చూడండి, టికెట్ సబబుగానే ఉంది. ఎక్కడైనా రెండు మూడు గంటలు ఎక్కువ కనిపిస్తే మధ్యలో దాగిన మరో స్టాప్ ఉందేమో వివరాలు తెరిచి చూడండి.

ఇదే టికెట్‌కు జనవరిలో 10:30 వాడితే గంట తప్పుతారు. మార్చి, నవంబరు నెలల్లో రానూపోనూ టికెట్ కొంటే వెళ్లేటప్పుడు ఒక తేడా, వచ్చేటప్పుడు ఇంకో తేడా ఉండవచ్చు.

తిరుగు ప్రయాణంలో తారీఖులు కంగారు పెడతాయి. సోమవారం రాత్రి 7:30కు డాలస్‌లో ఎక్కినవాళ్లు బుధవారం తెల్లవారుజాము 2:50కి శంషాబాద్‌లో దిగితే క్యాలెండర్‌లో రెండు రోజులు కనిపిస్తాయి. గడియారం ప్రకారం 31:20, అందులోంచి 10:30 తీసేస్తే నిజమైన సమయం 20:50 మాత్రమే.

అన్నిటికంటే ఖరీదైన తప్పు అర్ధరాత్రి దగ్గర జరుగుతుంది. గల్ఫ్, యూరప్ విమానాలు శంషాబాద్‌లో చాలావరకు అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్యే బయల్దేరతాయి. మన మాటలో తెల్లవారేదాకా పాత రోజే, టికెట్ లెక్కలో మాత్రం అర్ధరాత్రి దాటితే కొత్త తారీఖు. 15వ తేదీ 0:40 అని ఉంటే విమానాశ్రయంలో ఉండాల్సింది 14 రాత్రి 9:40కి. పెద్దవాళ్లకు చెప్పేటప్పుడు "సోమవారం రాత్రి, తెల్లవారితే మంగళవారం" అనే చెప్పండి. బయల్దేరే కారు తారీఖును కూడా విడిగా రాసి ఇవ్వండి.

ఇంటి గడప నుంచి ఇంటి గడప దాకా

మధ్యలో ఎంతసేపు ఆగాలి? ఒకే టికెట్ మీద గంటన్నర కనెక్షన్ కూడా అమ్ముతారు. ఎయిర్‌లైన్ లెక్కలో అది సరిపోయినట్టే, మనుషులకు మాత్రం ఇబ్బందే. అమెరికా వెళ్లే విమానాలకు గేటు దగ్గర మళ్లీ తనిఖీ ఉండవచ్చు, బోర్డింగ్ ముందే మొదలవుతుంది. ప్రయాణించేది యువకులైతే రెండు గంటలు చాలు. వీల్‌చైర్ సాయం అడిగినవాళ్లకు మూడు గంటలు తగ్గకూడదు, ఎందుకంటే విమానం నుంచి అందరూ దిగాకే వాళ్లను దించుతారు. రెండు వేర్వేరు టికెట్లు విడివిడిగా కొంటే ఈ లెక్కలేవీ పనిచేయవు. మొదటి విమానం ఆలస్యమైతే రెండో కంపెనీకి బాధ్యత లేదు, సామాను దించుకుని మళ్లీ ఇవ్వాలి, ఆ దేశంలోకి వెళ్లే వీసా కూడా కావలసి రావచ్చు. పది వేలు మిగులుతాయని పెద్దవాళ్లకు అలాంటి టికెట్ కొనొద్దు.

డాలస్‌కు బదులు షికాగోలోనో, న్యూయార్క్‌లోనో దిగి దేశీయ విమానం ఎక్కే టికెట్లుంటాయి. మామూలుగా అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ జరుగుతుంది. సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించి, మళ్లీ భద్రతా తనిఖీ. అక్కడ మూడు గంటల విరామం ఉండాలి. నేరుగా డాలస్‌లో దిగే విమానం గంట ఎక్కువ చూపించినా మొత్తం మీద సుఖం దానితోనే.

విజయవాడ నుంచి డాలస్ శివారు ఫ్రిస్కోలోని ఇంటి వరకు పై జూలై టికెట్‌తోనే కడదాం. విమానం 4:30కు, శంషాబాద్‌లో 1:30కి ఉండాలి. రోడ్డు ప్రయాణం ఐదున్నర నుంచి ఆరు గంటలు, భోజనానికీ జాతీయ రహదారి మీద ట్రాఫిక్‌కూ ఇంకో గంట. ఆదివారం సాయంత్రం 6:30కి ఇల్లు కదలాలి. హైదరాబాద్‌లోకి రానక్కర్లేదు, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నేరుగా శంషాబాద్. సంక్రాంతి, దసరా రోజుల్లో ఆ దారిలో టోల్ గేట్ల దగ్గరే గంటలు పోతాయి, అప్పుడు మధ్యాహ్నమే కదలండి. డాలస్‌లో సాయంత్రం 5:00కు దిగాక ఇమిగ్రేషన్‌కూ సామానుకూ గంట నుంచి రెండు గంటలు. ఫ్రిస్కో 40 కిలోమీటర్ల పైచిలుకు, సాయంత్రం రద్దీలో గంట. ఇల్లు చేరేసరికి 7:30.

కూడితే: ఇంటి నుంచి విమానం కదిలేదాకా 10 గంటలు, విమానాలూ విరామమూ 23, దిగాక రెండున్నర. మొత్తం 35:30. అందులో విమానంలో కూర్చునేది 20:15 మాత్రమే. మందులు వేళకు వేసుకోవలసినవాళ్లు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, డాక్టర్‌ను అడిగేటప్పుడు చెప్పాల్సింది ఈ 35:30 గురించే, టికెట్ మీది 23 గురించి కాదు. ప్రతి డోసుకూ మన టైము, దుబాయ్ టైము, డాలస్ టైము పక్కపక్కనే రాసిన కాగితం పాస్‌పోర్టుతో పాటు పెట్టండి. మందులు చేతి సంచిలోనే ఉండాలి.

ఎదురు వెళ్లేవాళ్లు విమానం దిగే వేళకు పార్కింగ్‌లో ఉండనక్కర్లేదు. విమానం గేటు చేరిందని ట్రాకర్‌లో చూశాక ఫ్రిస్కోలో బయల్దేరినా, వాళ్లు సామాను తోసుకుంటూ బయటికి వచ్చేసరికి మీరు అంతర్జాతీయ ప్రయాణికులు బయటికి వచ్చే టెర్మినల్ డి దగ్గర ఉంటారు. శంషాబాద్‌లో తెల్లవారుజామున దిగేవాళ్ల కోసం వచ్చేవాళ్లు దిగాక గంటకు కారు పెట్టుకుంటే సరిపోతుంది.